బాయిలర్లు ఎన్ని?

మా నాన్నకి ఏ ఓడ ఫోటో చూపించినా ముందు అడిగేది ఒకటే ప్రశ్న. "బాయిలర్లు ఎన్ని?" పొడవెంత, విమానాలెన్ని, ఏ దేశానిది, ఇవేవీ ఆయనకి పట్టవు. చిన్నప్పుడు నేను పేపర్లో వచ్చిన విమానవాహక నౌకల బొమ్మలు కత్తిరించి నోటుబుక్కులో అంటించేవాణ్ణి. ఆయన ఆ పుస్తకం తిరగేస్తూ, నేను రంగు పెన్సిళ్ళతో కష్టపడి దిద్దిన విమానాల్ని దాటేసి, "ఇదేట్రా, కింద ఏముందో రాయలేదు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన మన నేవీ మొదటి విమానవాహక నౌక, పాత విక్రాంత్‌లో స్టోకర్. బొగ్గు పోసే రోజులు ఎప్పుడో పోయాయి, ఆ ఓడ బాయిలర్లు ఆయిల్‌తో మండేవి, అయినా బాయిలర్ రూముల్లో పనిచేసేవాళ్ళకి నేవీలో ఆ పాత పేరే ఉండిపోయింది. 1967లో ఆ ఓడ ఎక్కారు. అయిదేళ్ళున్నారు. ఆ అయిదేళ్ళలో డెక్కు మీద విమానం దిగడం ఎన్నిసార్లు చూశారని అడిగితే, వేళ్ళు లెక్కపెట్టి, ఒక చేతి వేళ్ళు కూడా పూర్తవకుండానే ఆగిపోయేవారు. పైన సీహాక్ విమానం దిగితే కింద వాళ్ళకి తెలిసేది చప్పుడే. తల మీద ఎవరో ఇనప బీరువా ఎత్తి పడేసినట్టు ఉండేదట.

ఆ ఓడ పుట్టుక కథ నాకు చాలా తర్వాత తెలిసింది, నాన్నకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన అయిదేళ్ళు బతికిన ఓడ అసలు మన కోసం కట్టింది కాదు. 1943లో ఇంగ్లండులో, న్యూకాజిల్‌లోని వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ యార్డులో, హెర్క్యులీస్ అనే పేరుతో మొదలుపెట్టారు. యుద్ధానికి విమానవాహక నౌకలు త్వరగా కావాలి, చాలా కావాలి. అందుకని యుద్ధనౌకల పద్ధతిలో మందపాటి కవచాలవీ పెట్టకుండా, చాలావరకు వర్తక ఓడల ప్రమాణాలతో, మామూలు యార్డులు కూడా కట్టగలిగేలా ఆ రకం ఓడల్ని డిజైన్ చేశారు. మూడేళ్ళు నిలబడితే చాలు, లేదా యుద్ధం అయిపోయేదాకా ఉంటే చాలు అనే లెక్క. యుద్ధం 1945 సెప్టెంబర్‌లో అయిపోయింది, ఆ నెలలోనే ఈ ఓడ నీళ్ళలోకి దిగింది, ఇంక అవసరం లేదని పని ఆపేసి పూర్తికాని ఓడని ఒక మూల కట్టిపడేశారు. 1957లో మన ప్రభుత్వం కొనేదాకా అలాగే పడుంది. మూడేళ్ళు చాలనుకున్న ఓడ మన దగ్గర 1961 నుంచి 1997 దాకా, 36 ఏళ్ళు పనిచేసింది. ఇది చెప్పినప్పుడు నాన్న ఏమంటారా అని చూశాను. "మరి మేం చూసుకున్నాం గదా" అన్నారు, అంతే.

ఇక్కడ నాకు ఎప్పుడూ సరదాగా అనిపించే సంగతి ఒకటుంది. అలా పన్నెండేళ్ళు పని ఆగిపోవడమే ఆ ఓడకి కలిసొచ్చింది. 1945లోనే పూర్తిచేసి ఉంటే తిన్నని డెక్కుతో ఉండేది. ముక్కు నుంచి తోక దాకా ఒకటే రన్‌వే, దిగే విమానం దాన్ని ఆపడానికి డెక్కు మీద కట్టిన తాడు అందుకోలేకపోతే ముందు నిలిపి ఉన్న విమానాల మీదికి దూసుకెళ్ళడమే, మధ్యలో అడ్డంగా కట్టిన వలే దిక్కు. ఓడ మూలన పడున్న కాలంలోనే బ్రిటిష్ నేవీ వాళ్ళు మూడు పనులు చేశారు. దిగే దారిని కాస్త ఎడమవైపుకి ఏటవాలుగా తిప్పారు, తాడు తప్పితే విమానం మళ్ళీ గాల్లోకి లేచి చుట్టు తిరిగి వస్తుంది. ఇది 1951లో డెనిస్ క్యాంబెల్ అనే అధికారికి వచ్చిన ఆలోచన, అంత పెద్ద సమస్యకి ఇంత చిన్న జవాబా అనిపిస్తుంది, ఓ గీత పక్కకి జరపడమేగా! రెండోది, పైలట్‌కి తను సరైన ఎత్తులో వస్తున్నాడో లేదో చూపించే అద్దం. మూడోది ఆవిరి కాటపల్ట్, అంటే బాయిలర్ ఆవిరితో విమానాన్ని ఉండేలు రాయిలా విసిరే యంత్రం. బెల్ఫాస్ట్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ వాళ్ళు మన ఓడని పూర్తిచేసేటప్పుడు ఈ మూడూ దాంట్లోకి చేరాయి. 1961 మార్చి 4న అక్కడే విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా నేవీలో చేరింది.

ఆ మూడో యంత్రం వల్లనే మా నాన్న మాటకి అర్థం ఉందని నాకు ఇంజనీరింగ్ డిప్లొమా చదివేటప్పుడు గాని వెలగలేదు. బాయిలర్ ఓడని నడపడానికే కాదు, విమానాన్ని ఎగరేయడానికి కూడా. అదీ రెండు రకాలుగా. ఒకటి కాటపల్ట్‌కి ఆవిరి. రెండోది గాలి. విమానం లేవాలంటే రెక్కల మీదుగా గాలి వేగంగా పోవాలి, డెక్కు పొడవు చాలదు, అందుకని ఓడ గాలికి ఎదురు తిరిగి గట్టిగా పరుగెత్తుతుంది. వీచే గాలి వేగం, ఓడ వేగం, కాటపల్ట్ విసురు, ఈ మూడూ కలిస్తేనే విమానం ఎగురుతుంది. సముద్రం మీద గాలి పడిపోయిన రోజు, ఓడ కూడా మెల్లగా పోతే, బాంబులు నింపుకున్న విమానం డెక్కు మీదే ఉండిపోవాలి.

1971లో సరిగ్గా అదే భయం పట్టుకుంది. విక్రాంత్‌కి నాలుగు బాయిలర్లు. వాటిలో ఒకదానికి పగుళ్ళు. దాన్ని వాడటానికి లేదు, మిగతా మూడింటిని కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. డిజైన్ ప్రకారం 24 నాట్ల పైన పోవాల్సిన ఓడ, ఆ వేగం అందుకోలేదు. ఈ ఓడని యుద్ధానికి పంపాలా వద్దా అని పైన పెద్ద చర్చే జరిగిందంటారు. నాన్నకి ఆ చర్చలేవీ తెలీవు. ఆయనకి తెలిసింది గేజ్. "అందరూ డిసెంబర్ నాలుగో తారీకు యుద్ధం చూశారు, నేను ప్రెషర్ గేజ్ చూశాను" అనేవారు. ఆ రోజు సీహాక్‌లు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద, తర్వాత చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. పైన విమానాలు వెళ్ళడం, తిరిగి రావడం కింద వాళ్ళు చప్పుళ్ళతో లెక్కపెట్టుకున్నారట, వెళ్ళినవెన్ని, వచ్చినవెన్ని అని. లెక్క సరిపోయిందని తెలిశాక ఎవరో గట్టిగా అరిస్తే, ఇంకెవరో "గేజ్ చూడరా ముందు" అని కసిరాడట. ఆ కసిరినవాడు నాన్నే అయ్యుంటారని నా అనుమానం.

అదే సమయంలో వైజాగ్‌లో మా నానమ్మ సంగతి వేరు. కొడుకు ఓడ ఎక్కడుందో తెలియదు. ఊరంతా విక్రాంత్ ఇక్కడే ఉందని చెప్పుకుంటున్నారు, దాని కోసమే సరుకులు కొంటున్నారని బజార్లో మాట. అది కావాలని పుట్టించిన మాటే అని యుద్ధం అయ్యాక గాని బయటికి రాలేదు. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన పన్నాగం అది. ఓడని అండమాన్ వైపు ఎవరికీ కనపడకుండా దాచి, ఇక్కడ మాత్రం రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్‌లాగా వైర్‌లెస్ మాట్లాడించారు. విక్రాంత్ మీదున్న నావికుడొకడు ఒంట్లో బాగాలేని తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి కూడా పంపించారు, శత్రువు వినాలని. విక్రాంత్‌ని వేటాడ్డానికి వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ, డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి వైజాగ్ హార్బర్ బయటే మునిగిపోయింది. ఆ పేలుడికి ఊళ్ళో కిటికీలు అదిరాయి, నానమ్మ ఆ చప్పుడు విని మంచం మీద లేచి కూచుందట, పేలింది కొడుకు ఓడే అనుకుని. తెల్లారేదాకా మాట్లాడలేదట. ఆ టెలిగ్రాం కథ బయటికొచ్చాక మా ఇంట్లో ఎన్నేళ్ళు నవ్వుకున్నామో చెప్పలేను. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. "నాకు బాగానే ఉంది, ఆ టెలిగ్రాం కొట్టినోడికే బాగులేదు" అనేది.

ఆ యుద్ధం చివర్లో అమెరికా వాళ్ళు ఎంటర్‌ప్రైజ్‌ని బంగాళాఖాతంలోకి పంపారు. మన ఓడ 213 మీటర్లు, ఎంటర్‌ప్రైజ్ 342. బరువులో మన ఓడలు నాలుగో అయిదో కలిస్తే గాని దానికి సాటి రావు. ప్రపంచంలో మొట్టమొదటి అణుశక్తి విమానవాహక నౌక. చాలా ఏళ్ళ తర్వాత నేను దాని గురించి చదివి, ఆయన్ని ఓడించాలని, "నాన్నా, దీంట్లో బాయిలర్లు లేవు, ఎనిమిది రియాక్టర్లు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "రియాక్టర్ ఏం చేస్తది?" అన్నారు. నీళ్ళు కాచి ఆవిరి చేస్తుంది అన్నాను. "మరి బాయిలరే గదా!" నాకు నోట మాట రాలేదు. తర్వాత చూస్తే ఆయన అన్నది ఇంచుమించు నిజమే. పెద్ద ఓడల్లో ఎనిమిది బాయిలర్లు పెట్టే అలవాటు మీదే, ఒక్కో బాయిలర్ బదులు ఒక్కో రియాక్టర్ అన్నట్టుగా ఆ ఓడని గీశారు. తర్వాత వచ్చిన నిమిట్జ్ తరహా ఓడలకి రెండే సరిపోయాయి.

ఇంత చెప్పాను గాని నాకు ఆ పుస్తకాల పిచ్చి ఉద్యోగంలోకి తోసుకుపోతుందని ఎప్పుడూ అనుకోలేదు. డిప్లొమా అయ్యాక వెల్డింగ్ పరీక్షల పని నేర్చుకున్నాను. అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ, వెల్డు లోపల ఏముందో కోయకుండా చూసే పని. రిఫైనరీలు, పైపులైన్లు తిరిగాను. 2008లో ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరితే కొచ్చి పంపించారు. యార్డులోకి వెళ్ళాక గాని తెలియలేదు, నేను చూడబోయే వెల్డులు కొత్త విక్రాంత్‌వని. అప్పటికింకా ఆ పేరు లేదు. కాగితాల మీద ఐఏసీ, అంటే స్వదేశీ విమానవాహక నౌక, పాతవాళ్ళ నోట్లో ఇంకా ఏడీఎస్, అంటే ఎయిర్ డిఫెన్స్ షిప్.

ఆ పేర్ల మార్పులోనే దాని చరిత్రంతా ఉంది. ఎనభైల చివర్లో ఒక ఫ్రెంచి సంస్థ సాయంతో 28,000 టన్నుల ఓడ గీయించుకున్నారు. డబ్బుల్లేక పక్కన పెట్టారు. తొంభైల్లో చిన్న ఓడ చాలన్నారు. తర్వాత మిగ్ యుద్ధవిమానాలు దిగాలి, అంత చిన్నది చాలదు అని మళ్ళీ పెంచారు. విమానం మారితే దాన్ని డెక్కు మీదికి ఎత్తే లిఫ్ట్ కొలత మారుతుంది, లిఫ్ట్ మారితే కింద విమానాలు పెట్టే హ్యాంగర్, హ్యాంగర్ మారితే దాని చుట్టూ ఉన్న దూలాలు, అలా అడుగు దాకా అన్నీ కదులుతాయి. నాకు తెలిసిన డ్రాయింగ్ ఆఫీసు పెద్దాయన ఒకాయన దీన్ని ఊపిరితిత్తులు ముందు గీసి తర్వాత మనిషిని గీయడం అనేవాడు. ఒకసారి ఇనుములో పడ్డాక మాత్రం తిరగబడుతుంది. ఆ తర్వాత కొనే విమానమే ఆ లిఫ్ట్‌లో పట్టాలి. చివరికి 262 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, 45,000 టన్నుల దగ్గర తేలింది. 2003లో 3,261 కోట్లు అనుకున్నది, పూర్తయ్యేసరికి 20,000 కోట్ల దాకా పోయింది. తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు, నేనూ తిట్టాను, నా జీతం మూడేసి నెలలు ఆలస్యమైనప్పుడు మరీనూ (అది ఓడ తప్పు కాదులెండి, నా కాంట్రాక్టర్ తప్పు).

కాని స్టీలు సంగతి వేరు, అక్కడ మాత్రం నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఓడకి కావలసిన స్టీలు రష్యా నుంచి రావాలి, అది రాలేదు. అప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి ఇక్కడే ఆ స్టీలు తయారుచేశారు. ఒళ్ళంతటికీ డీఎంఆర్ 249ఏ, ఫ్లైట్ డెక్కుకి దానికంటే గట్టిదైన 249బీ. గట్టిగా ఉండటం ఒక్కటే అయితే పెద్ద కష్టం కాదు. గట్టిదనం పెరిగేకొద్దీ స్టీలు గాజులా తయారవుతుంది, దెబ్బ తగిలితే వంగకుండా ఫట్‌మని విరుగుతుంది. అది అలా చేయకూడదు, మంచుగడ్డ కంటే చల్లగా ఉన్నప్పుడు కూడా చేయకూడదు, ఇంకా వెల్డింగ్‌కి లొంగాలి. దానికి తగ్గ వెల్డింగ్ కడ్డీలు కూడా కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఇదంతా అయ్యి 2005లో మొదటి ప్లేటు కోశారు, 2009 ఫిబ్రవరి 28న కీల్, అంటే ఓడ అడుగున ఉండే వెన్నెముక, వేశారు. మధ్యలో పోయిన ఏళ్ళన్నీ ఆలస్యం కింద రాస్తారు పేపర్లవాళ్ళు. ఆ తర్వాత మన యార్డుల్లో వచ్చిన యుద్ధనౌకలకి ఆ స్టీలే వాడారు. పాత విక్రాంత్ మూల పడున్న పన్నెండేళ్ళు గుర్తొచ్చేవి నాకు.

ఇంక నా పని. ఓడని ఒక ముక్కగా కట్టరు, ఎనిమిది వందల పైచిలుకు బ్లాకులుగా కట్టి, క్రేన్‌తో ఎత్తి, డ్రై డాక్‌లో ఒకదానికొకటి అతికిస్తారు. ఆ అతుకుల దగ్గర నేను. ఈ రకం స్టీలుకి పెద్ద శత్రువు నీటి చెమ్మ. కడ్డీ పైపూతలో చెమ్మ ఉంటే, వెల్డు మంటలో అది విడిపోయి హైడ్రోజన్ స్టీల్లోకి దూరుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనపడదు. వెల్డు అద్దంలా ఉంటుంది. గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు, లోపల సన్నటి పగులు. అందుకని కడ్డీల్ని ఓవెన్‌లో కాల్చి, వేడి తగ్గకుండా చిన్న డబ్బాల్లో వెల్డర్ పక్కనే పెట్టి, ఒక్కొక్కటే తీసి వాడాలి. ప్లేటుని కూడా ముందు వేడిచేయాలి. వెల్డు అయ్యాక 48 గంటలు ఆగి గాని నేను అల్ట్రాసోనిక్ ప్రోబ్ పెట్టకూడదు. ఇదంతా ఎక్కడ చేస్తున్నాం? కొచ్చిలో. జూన్‌లో. అక్కడ గాలిని పిండితే నీళ్ళొస్తాయి.

ఒక వారం మా ఓవెన్ ఒకటి పాడైంది, మీటర్ మాత్రం సరైన వేడే చూపిస్తోంది. ఎవరికీ తెలియలేదు. ఆ కడ్డీలతో ఒక పొడుగాటి అతుకు పూర్తిచేశారు. చేసినవాడు శ్రీకాకుళం జిల్లా మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నేను బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. ఆయన చేతిలో వెల్డు పడితే నేను ప్రోబ్ పెట్టకుండానే రాసేయొచ్చు అనేంత పేరు. రెండు రోజులయ్యాక ప్రోబ్ పెడితే తెర మీద ఒక గీత లేచింది. కాస్త జరిపాను, ఇంకోటి. మీటరున్నర పొడవునా అక్కడక్కడా. నా మిషనే తప్పేమోనని మళ్ళీ సరిచూసుకుని వచ్చాను. అవే గీతలు. చాక్‌పీస్‌తో మార్క్ చేస్తుంటే బాబాయ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు, ఏమీ అనలేదు, ఆయన మొహం చూడలేకపోయాను. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ వచ్చి చెవిలో చెప్పాడు, పగుళ్ళు చిన్నవేగా, తేదీలు దగ్గర పడుతున్నాయి, ఇది నీటి గీతకి పైన ఉండే చోటు, ఆలోచించు అని. ఆలోచించాను. నిజం చెప్తున్నా, ఒక రాత్రంతా ఆలోచించాను. టెన్షన్‌తో నిద్ర పట్టక పన్నెండింటికి ఇంటికి ఫోన్ చేశాను, నాన్న ఎత్తారు.

మొత్తం విన్నారు. "1971లో మేం పగిలిన బాయిలర్‌తోనే ఎల్లాం రా" అన్నారు. నేను సంబరపడిపోయాను, అంటే వదిలేయొచ్చు అంటున్నారనుకుని. "ఎందుకెల్లగలిగాం? పగిలిందని తెలుసు గనక. ఏది పగిలిందో తెలుసు, దాన్ని ఆపేసి మిగతా మూడింటిని ఏ మేరకి తోలాలో తెలుసు. నువ్వు రాయకపోతే రేపు ఆ ఓడ మీదున్నోడికి తెలీదు గదా."

మర్నాడు రాసిచ్చాను. ఆ అతుకు మొత్తం గౌజింగ్ పెట్టి తీసేసి మళ్ళీ చేశారు. బాబాయే చేశాడు. అయ్యాక నా దగ్గరికొచ్చి, "48 గంటలు కాదు, 72 ఆగి చూడు" అన్నాడు. ఆగాను. శుభ్రంగా వచ్చింది. తర్వాతే ఓవెన్ సంగతి బయటపడింది, ఆయన మనసు అప్పటికి గాని కుదుటపడలేదు.

ఈ ఓడని నీళ్ళలోకి దింపడం కూడా మా యార్డులో ఒక జోకు. 2011 డిసెంబర్‌లో ఒకసారి తేల్చారు. గేర్‌బాక్సులు రాలేదు, డాక్ ఖాళీ చేయాలి, అందుకు. 2013 ఆగస్టు 12న రక్షణ మంత్రి ఆంటోనీ గారి భార్య చేతుల మీదుగా అసలు లాంచింగ్. మళ్ళీ డాక్‌లోకి తెచ్చి 2015 జూన్‌లో మూడోసారి బయటికి. ఒకే పెళ్ళికూతురికి మూడు ముహూర్తాలు అనుకునేవాళ్ళం. మూడోదానికి నేను లేను, రెండోదాని తర్వాత కాంట్రాక్ట్ అయిపోయి వైజాగ్ వచ్చేశాను.

కొచ్చిలో ఉండగానే 2012లో ఇంకో వార్త వచ్చింది. రష్యాలో తయారవుతున్న విక్రమాదిత్య, అదే మనం కొన్న రష్యా పాత ఓడ గోర్ష్‌కోవ్, సముద్రంలో పరీక్షకి వెళ్తే ఎనిమిది బాయిలర్లలో ఏడు దెబ్బతిన్నాయి. ఆస్బెస్టాస్ వద్దన్నారని దాని బదులు వాడిన ఇటుకలు ఆ వేడికి తట్టుకోలేదని రాశారు. ఆ రోజు నాన్న నాకు నాలుగుసార్లు ఫోన్ చేశారు. జీవితంలో ఆయన నాకు ఒకేరోజు నాలుగుసార్లు ఫోన్ చేయడం అదొక్కటే. "ఇటుకలు పేర్చడం రాదురా ఈళ్ళకి!" ఆనందమో బాధో తెలియదు. పేపర్లో, టీవీలో, దేశం మొత్తం మొదటిసారి బాయిలర్ల గురించి మాట్లాడుకుంటోంది మరి.

పాత విక్రాంత్‌ని ముంబైలో మ్యూజియంగా ఉంచినప్పుడు ఒకసారి తీసుకెళ్ళాను. జనం హ్యాంగర్‌లో విమానాల ముందు ఫోటోలు దిగుతున్నారు. ఈయన కింద బాయిలర్ రూముకి వెళ్ళాలంటారు. అటు తలుపు మూసుంది. అక్కడున్న కుర్రాడితో ఏదో చెప్పబోయి, ఊరుకున్నారు. తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు, చల్లగా ఉంది అన్నారు. 2012లో ఆ మ్యూజియం మూసేశారు, 2014లో తుక్కు కింద విరగ్గొట్టడం మొదలుపెట్టారు. కోర్టుల దాకా వెళ్ళి పోట్లాడారు చాలామంది. లాభం లేకపోయింది. ఆ లోహం కొని బజాజ్ వాళ్ళు 2016లో మోటార్‌సైకిల్ తెచ్చారు. మా వీధి చివర కుర్రాడొకడు కొన్నాడు, నాన్న ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏ భాగంరా ఇది, డెక్కా, కిందిదా?" అని అడిగారు. వాడికేం తెలుసు పాపం.

అదే ఏడాది ఫిబ్రవరిలో వైజాగ్‌లో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ, అంటే యుద్ధనౌకల కవాతు. మన విమానవాహక నౌకలు విరాట్, విక్రమాదిత్య రెండూ వచ్చాయి. బీచ్ రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దూరంగా బూడిదరంగు గీతల్లా ఓడలు. అందరూ పైన విమానాలు చూస్తుంటే ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఓడల పొగగొట్టాల వైపే చూస్తున్నారు. "విరాట్‌కి నాలుగు, దానికి ఎనిమిది. మొత్తం పన్నెండు" అన్నారు. పక్కనున్నాయన పన్నెండు విమానాలనుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

2022 సెప్టెంబర్ 2న కొత్త విక్రాంత్‌ని నేవీలో చేర్చుకున్నారు. పొద్దున్నే టీవీ ముందు కూర్చోబెట్టాను. 75 ఏళ్ళు, ఒక చెవి దాదాపు పోయింది, బాయిలర్ రూముల పుణ్యమే. 14 డెక్కులు, 2,300 గదులు, కొచ్చి నుంచి ఢిల్లీ దాకా పరిచేంత కేబుల్ అని టీవీలో చెప్తున్నారు. నా అతుకు ఎక్కడుందో చూపించాలని నా ఆరాటం. పైనంతా పెయింట్, దాని మీద ఇంకో పెయింట్, ఏం చూపిస్తాను? "అదిగో, ఆ వైపు ఎక్కడో" అన్నాను. సరే అన్నారు. తర్వాత ఊహించిన ప్రశ్నే వచ్చింది.

"బాయిలర్లు ఎన్ని?"

పధ్నాలుగేళ్ళుగా తప్పించుకుంటూ వచ్చిన జవాబు అది. కొచ్చిలో ఉన్నన్నాళ్ళూ ఆయన అడగలేదు, ఉంటాయని అనుకుని ఉంటారు. "లేవు నాన్నా. నాలుగు గ్యాస్ టర్బైన్లు. విమానాల ఇంజన్ లాంటివే. నొక్కితే నిమిషాల్లో స్టార్ట్ అవుతాయి."

"ఒకటీ లేదా?"

"ఒకటీ లేదు."

"మరి కాటపల్ట్‌కి ఆవిరి?"

"కాటపల్ట్ కూడా లేదు నాన్నా. ముందు అంచు పైకి వంచేశారు, విమానం తన జోరుతో తనే పరుగెత్తి గెంతుతుంది." చేతిని ఎత్తి చూపించాను. అలా గెంతే విమానం కాటపల్ట్ విసిరినంత బరువు మోసుకెళ్ళలేదనీ, అందుకే తర్వాతి పెద్ద ఓడకి కరెంటుతో పనిచేసే కాటపల్ట్ పెట్టాలా వద్దా అని వాదనలు నడిచాయనీ చెబుదామనుకున్నాను. ఆయన వినడం లేదు. తెర వైపే చూస్తున్నారు, తెర మీద డెక్కు, జెండాలు, తెల్ల బట్టల్లో వరుసలు.

చాలాసేపటికి ఇటు తిరిగారు. "అయితే స్నానాలకి వేన్నీళ్ళెలాగరా వాళ్ళకి?"

ఆవిరి ఓడల్లో వంట, బట్టలు, వేన్నీళ్ళు అన్నీ ఆ బాయిలర్ పుణ్యానే నడిచేవట. "ఆ పని మా కాంట్రాక్టులో లేదు నాన్నా" అన్నాను.

"కనుక్కో" అన్నారు, టీవీ సౌండ్ పెంచుతూ.